మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా: ఆ రోజు ఏం చెయ్యాలి, ఆ తర్వాత నెలలు ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా నాన్నకి స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చిందన్న సంగతి ముందు బయటపెట్టింది ఆయన చెప్పు. సంక్రాంతికి అందరం ఊళ్ళోనే ఉన్నాం, పొద్దున్నే 5:30కి పాలు పోయించుకుని లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని పేపరు పట్టుకున్నారు, కాసేపటికి మా అమ్మ చూసి "ఏంటండీ ఇంట్లోకి చెప్పులేసుకుని వచ్చారు, అదీ ఒక్కటే" అని నవ్వింది. కుడి కాలికి చెప్పుంది, ఎడమ చెప్పు గుమ్మం బయట బోర్లా పడుంది. ఆయన కిందకి చూసుకుని "రెండూ విప్పానే" అన్నారు, మాట కొంచెం ముద్దగా వచ్చింది, నిద్ర మత్తేమో అనుకున్నాం. కాఫీ గ్లాసు ఎడమ చేతికిస్తే జారి ఒళ్ళో పడింది. వేడి కాఫీ తొడ మీద పడినా ఆయన ఉలిక్కిపడలేదు, అప్పుడు భయమేసింది నాకు.

తర్వాత మేం చేసినవన్నీ తప్పులే, వరసగా చెప్తా, మీరు చెయ్యకుండా ఉంటారని. పండగ ఇల్లు కాబట్టి మనుషులెక్కువ, సలహాలు ఇంకా ఎక్కువ. పెద్దమ్మ గాలి సోకిందంది, బాబాయ్ బీపీ పెరిగింది పడుకోబెట్టండి అన్నాడు, ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడు, అది అయిపోయేదాకా చూశాం, తర్వాత దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే అక్కడ సీటీ స్కానే లేదు, టౌన్‌లో పెద్దాసుపత్రికి చేరేసరికి 11 దాటింది. అక్కడ డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు వయసు కాదు, "ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" అని. పాలవాడితో మాట్లాడారు కదా అని అమ్మ లెక్క చెప్పింది. ఆయన గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు. మెదడు నాళంలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైము 4.5 గంటలు, మాది ఐదున్నర అయిపోయింది.

అందుకే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతి మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. కానీ ఆ మొదటి నాలుగు గంటలు మన పక్కన డాక్టర్ ఉండడు, మనమే ఉంటాం.

ముందు జబ్బేంటో తెలుసుకోండి

పక్షవాతం అంటే కాలికో చేతికో వచ్చే జబ్బు కాదు, మెదడుకి వచ్చేది. రెండు రకాలు. ఎక్కువ మందిలో మెదడుకెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డం పడుతుంది, కొంతమందిలో నాళం చిట్లి లోపలే రక్తం కారుతుంది. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, అన్నీ సేమ్. ఏదన్నది సీటీ స్కాన్‌లోనే తేలుతుంది. ట్రీట్‌మెంట్లు మాత్రం పూర్తిగా ఉల్టా, ఒకదానికి రక్తం పల్చబరచాలి, ఇంకోదానికి అదే మందు ప్రాణం మీదకి తెస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే కింద చెప్పేవన్నీ ఎందుకో మీకే తెలిసిపోతుంది.

ఎడమ వైపు పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు కుడి భాగానికి, కుడి వైపు పడిపోతే ఎడమ భాగానికి. మాటకి సంబంధించిన భాగం చాలామందికి ఎడమ వైపే ఉంటుంది కాబట్టి కుడి చెయ్యి పడిపోయిన వాళ్ళకి మాట పోవడం కూడా ఎక్కువగా చూస్తాం. గడ్డ అడ్డం పడ్డాక నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని లెక్క. మేం ఆ సెలైన్ బాటిల్ చుక్కలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

మొదటి పని: ఒక్క నిమిషంలో చూసెయ్యండి

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పళ్ళు కనపడేలా నవ్వమనండి, నోటి ఒక మూల కిందకి జారిందా చూడండి. రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టమనండి, ఒక చెయ్యి తనకి తెలీకుండానే కిందకి దిగిపోతుంటే అది గుర్తు. తర్వాత ఏదో ఒక మామూలు వాక్యం చెప్పించండి, "పొద్దున్నే పొలం వెళ్ళొచ్చి టిఫిన్ చేశా" లాంటిది, మాట ముద్దగా వచ్చినా, అర్థం లేకుండా వచ్చినా, అసలు మీరు చెప్పేదే వాళ్ళకి ఎక్కకపోయినా లెక్కే. మూడింట్లో ఒక్కటి తేడా ఉన్నా చాలు బయల్దేరడానికి, మూడూ కనపడాలని ఆగకండి.

ఇంకో రకం ఉంది, దాన్ని జనం తేలిగ్గా వదిలేస్తారు. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి నిలబడలేకపోవడం, తాగినోడిలా ఒక పక్కకి తూలిపోవడం, ఒకటి రెండుగా కనపడటం, చూపులో ఒక పక్క అసలు కనపడకపోవడం. వెర్టిగో అనో గ్యాస్ అనో టాబ్లెట్ వేసి పడుకోబెట్టేస్తారు, మెదడు వెనక భాగంలో స్ట్రోక్ వస్తే ఇలాగే ఉంటుంది. ఎప్పుడూ లేని భయంకరమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చి వాంతులైతే అదీ అనుమానించాల్సిందే.

మరి పది నిమిషాలకి తగ్గిపోతే? చెయ్యి మళ్ళీ లేచింది, మాట సరిగ్గా వచ్చింది, "ఏం లేదులే నరం పట్టేసింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు కూడా వెళ్ళాలి, అదే రోజు. దాన్ని మినీ స్ట్రోక్ అంటారు, గడ్డ వచ్చి తనంతట తనే కరిగిపోయింది అంతే, అసలుది తర్వాతి రెండు రోజుల్లో రావడానికి ఛాన్స్ బాగా ఎక్కువ. తర్వాత అడిగితే మా నాన్నకి అంతకుముందు వారంలో ఒకసారి షర్ట్ గుండీ పెట్టుకోవడం రాలేదట, పావుగంటకి బాగైపోయిందట. ఎవరికీ చెప్పలేదు.

రెండో పని: టైము రాసుకోండి

లక్షణాలు మీరు చూసిన టైము కాదు, ఆఖరిసారి మనిషి బాగా ఉన్నట్టు ఎవరైనా చూసిన టైము. రాత్రి 10కి పడుకుని పొద్దున్న 6కి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే లెక్క 10 నుంచే మొదలు. అయితే మధ్యలో 4కి బాత్రూంకి లేచి మామూలుగా నడిచి మాట్లాడి పడుకుంటే లెక్క 4 నుంచి, ఆరు గంటలు కలిసొచ్చినట్టే, అందుకే ఇంట్లో వాళ్ళందర్నీ గట్టిగా అడగండి. ఫోన్‌లోనో చేతి మీద పెన్నుతోనో రాసుకోండి, కంగారులో మర్చిపోతారు.

మూడో పని: సరైన చోటికి తీసుకెళ్ళడం

108కి ఫోన్ చేసి "పక్షవాతం అనుమానం, ఫలానా టైమ్ నుంచి" అని ఆ మాటే చెప్పండి, ఊరికే ఒంట్లో బాలేదు అంటే వాళ్ళకి అర్థం కాదు. 108 ఫ్రీ, 2005 నుంచి మన దగ్గర నడుస్తోంది. బండి రావడానికి బాగా లేటయ్యేలా ఉంటే సొంత కారో పక్కింటోళ్ళ కారో ఎక్కించెయ్యండి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి మాత్రం తీసుకెళ్ళకండి, పట్టు లేని మనిషి జారిపోతాడు.

దగ్గర్లో ఉన్న హాస్పిటల్ కాదు, దగ్గర్లో సీటీ స్కాన్ ఉండి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే హాస్పిటల్. ఇది ఆ రోజు వెతికితే దొరకదు. ఈ వారంలో ఒక అరగంట కూర్చుని మీ ఊరి నుంచి గంట, గంటన్నర దూరంలో ఉన్న రెండు మూడు హాస్పిటల్స్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: 24 గంటలూ సీటీ ఉంటుందా, స్ట్రోక్‌కి ఇంజెక్షన్ ఇస్తారా, అర్ధరాత్రి వస్తే న్యూరో డాక్టర్ వస్తారా. రిసెప్షన్‌లో తెలీదంటే క్యాజువాలిటీకి కలపమనండి. గవర్నమెంట్ పెద్దాసుపత్రుల్ని లిస్టులోంచి తీసెయ్యకండి, వైజాగ్ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల న్యూరో విభాగాలున్నాయి. నంబర్లు గోడకున్న క్యాలెండర్ మీద పాల లెక్క రాసే చోట పెద్దగా రాసి పెట్టండి, ఫోన్‌లో సేవ్ చేస్తే ఆ ఫోన్ ఉన్న మనిషి ఊళ్ళో ఉండడు. దారిలో ఉండగానే ఫోన్ చేసి పేషెంట్‌ని తెస్తున్నాం అని చెప్తే సీటీ రూమ్ రెడీగా పెట్టడానికి వీలవుతుంది.

వెళ్ళేటప్పుడు రోజూ వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు. ఆధార్, రేషన్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ కార్డు, సంతకం పెట్టగలిగే ఒక మనిషి. మిగతావాళ్ళు తర్వాత బస్సులో వస్తారు.

బండి వచ్చేలోపు చెయ్యకూడనివి

నోట్లో ఏమీ వెయ్యొద్దు. నీళ్ళు కూడా వద్దు, నిమ్మరసం వద్దు, కాఫీ వద్దు. మింగే శక్తి తగ్గి ఉంటుంది, మనం ప్రేమగా పట్టించిన గ్లాసుడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా అవుతుంది.

డిస్ప్రిన్, ఆస్పిరిన్ వద్దు. గుండెపోటుకి వెయ్యమంటారు కదా అని చాలామందికి డౌటు, గుండె సంగతి వేరు, ఇక్కడ లోపల రక్తం కారుతుందో లేదో స్కాన్ తీసేదాకా తెలీదు. నాలుక కింద పెట్టే గుండె మాత్ర కూడా వద్దు. బీపీ మెషిన్‌లో 190 కనపడిందని బీపీ టాబ్లెట్ అదనంగా వెయ్యడం, నాలుక కింద మందు పిండటం అసలే వద్దు. గడ్డ అడ్డం పడ్డప్పుడు మెదడు ఎలాగోలా రక్తం లాక్కోవాలని బీపీ తనే పెరుగుతుంది, మనం టక్కున దించేస్తే ఆ వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోతుంది. దించాలా వద్దా ఎంత దించాలా అన్నది హాస్పిటల్లో చూసుకుంటారు.

సూదితో వేళ్ళ చివర్లు గుచ్చి రక్తం చుక్కలు తీస్తే స్ట్రోక్ పోతుందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది, శుద్ధ అబద్ధం. పావురం రక్తం పూయడం కూడా అంతే, మా వీధిలోనే ఒకాయన పావురం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటానని బయల్దేరబోయాడు, పాపం మంచి మనసుతోనే. నాటు మందు మీద మీకు నమ్మకం ఉంటే అది నెల తర్వాత మాట్లాడుకుందాం, ఆ నాలుగున్నర గంటల్లో మాత్రం కాదు.

చెయ్యాల్సినవి కొన్నే: మంచం మీదో చాప మీదో పడుకోబెట్టి, వాంతి అవుతున్నా స్పృహ తగ్గుతున్నా పక్కకి తిప్పి పెట్టండి, కట్టుడు పళ్ళుంటే తీసెయ్యండి, కాలర్ గుండీ విప్పండి. షుగర్ ఉన్న మనిషైతే ఇంట్లో గ్లూకోమీటర్‌తో ఒకసారి చూడండి, షుగర్ బాగా పడిపోయినా అచ్చం స్ట్రోక్‌లాగే ఉంటుంది, 70 కంటే తక్కువుంటే ఆ నంబర్ 108 వాళ్ళకి చెప్పండి. మీటర్ కోసం వెతుక్కుంటూ బండి మాత్రం ఆపొద్దు.

హాస్పిటల్లో: సంతకం దగ్గర ఆగిపోకండి

సీటీలో రక్తం కారట్లేదని తేలి, టైము 4.5 గంటల లోపల ఉండి, బీపీ 185/110 కంటే కిందకి తెచ్చాక గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, ఆల్టిప్లేస్ అనో టెనెక్టిప్లేస్ అనో వినపడుతుంది. డోసు బరువుని బట్టి, అందుకే మనిషి ఎన్ని కేజీలో అడుగుతారు. ఈమధ్యే ఆపరేషన్ అయిందా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని కూడా అడుగుతారు, దాచకండి. అందరికీ ఈ ఇంజెక్షన్ పనికిరాదు.

ఒక కాగితం మీద సంతకం అడుగుతారు, రిస్క్ ఉంది కాబట్టి. ఈ ఇంజెక్షన్‌కి ఆమోదం తెచ్చిపెట్టిన 1995 నాటి పెద్ద స్టడీలో వందకి ఆరుగురికి మెదడులో బ్లీడింగ్ అయింది, అది నిజం. అదే స్టడీలో మూడు నెలలకి దాదాపు ఏ లోపం లేకుండా కోలుకున్న వాళ్ళు ఇంజెక్షన్ తీసుకున్న వాళ్ళలోనే ఎక్కువ, అదీ నిజమే. మనవాళ్ళు ఇక్కడే ఆగుతారు, "పెద్దబ్బాయి బెంగళూరు నుంచి బయల్దేరాడు, వచ్చాక పెడదాం", "మామయ్యని ఒక మాట అడుగుదాం". అమెరికాలో ఉన్న కొడుకు నిద్రలేచి ఫోన్ ఎత్తేసరికి గంట పోతుంది. ఎవరు సంతకం పెట్టాలో ఇంట్లో ముందే అనేసుకోండి, అది అపశకునం కాదు. డాక్టర్‌ని ఒక్కటే అడగండి, "మీ ఇంట్లో వాళ్ళకైతే ఇప్పిస్తారా?" అని, ఆయన చెప్పింది విని పెట్టెయ్యండి.

లేటైపోయిందా, పెద్ద నాళంలో గడ్డ ఉందా? అప్పుడు తొడ దగ్గర నుంచో చేతి నుంచో సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి ఉంది, మామూలుగా ఆరు గంటల లోపు, స్కాన్‌లో ఇంకా బతికున్న మెదడు భాగం కనపడితే కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తారు. అన్ని ఊళ్ళలో లేదు, హైదరాబాద్, వైజాగ్, విజయవాడ లాంటి సిటీల్లో కనుక్కోండి. టైము దాటిందని ఇంటికెళ్ళిపోకుండా "దీనికి పనికొస్తామా, ఎక్కడికి పంపిస్తారు" అని అడగండి. మేం అడగలేదు, అలాంటిది ఒకటుందనే తెలీదు.

డబ్బు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ, లిస్టులో ఉన్న హాస్పిటల్ అయితే డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు, చేరిన వెంటనే వాళ్ళని పట్టుకోండి, డిశ్చార్జ్ రోజు కాదు. ఏది కవర్ అవుతుంది, ఏది మనం కట్టుకోవాలి, రాయించుకోండి. 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, ఆరోగ్యం బాగున్నప్పుడే తీసి పెట్టుకుంటే మంచిది.

ఇంటికి తెచ్చాక

హాస్పిటల్లో పది రోజులు ఒక ఎత్తు, ఇంట్లో మొదటి మూడు నెలలు ఇంకో ఎత్తు. డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి పంపిస్తారు, అందులో మందులుంటాయి గానీ మనిషిని ఎలా తిప్పాలో ఉండదు. వచ్చేముందు రోజే నర్సుని, ఫిజియోని బతిమాలి మీ చేత చేయించమని అడగండి, చూసి నేర్చుకోవడం కాదు చేసి నేర్చుకోవాలి.

మంచం ముందు సరి చూసుకోండి. నవారు మంచం, నులక మంచం మధ్యలోకి కుంగిపోతాయి, మనిషి లేవలేడు, గట్టి పరుపు ఉన్న మంచం వెయ్యండి, కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. అసలు కదల్లేని మనిషైతే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా, అలారం పెట్టుకుని వంతులేసుకోండి. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తే పుండ్లు పడతాయి. రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకండి. ఇది వచ్చిన చుట్టాలందరికీ చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే ప్రతి ఒక్కరూ పరామర్శకి వచ్చి ఆ చెయ్యే పట్టుకుని "ఏదీ లే చూద్దాం" అంటారు. కండలో పట్టు లేనప్పుడు భుజం కీలు జారిపోతుంది, తర్వాత ఆ నొప్పి నెలల తరబడి నిద్ర పట్టనివ్వదు. లేపాలంటే నడుముకి బెల్టో తువ్వాలో చుట్టి దాన్ని పట్టుకోండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు చివర్న అది.

తిండి. మింగడం ఎలా ఉందో హాస్పిటల్లో టెస్ట్ చేశాకే నోటితో పెట్టాలి, లేకపోతే ముక్కు గొట్టంతో పంపిస్తారు, ఆ గొట్టం చూసి కంగారుపడకండి, చాలామందికి కొన్ని వారాల్లో తీసేస్తారు. నోటితో మొదలుపెట్టాక విచిత్రం ఏంటంటే పల్చటివే ప్రమాదం, నీళ్ళు, మజ్జిగ, చారు గబుక్కున జారి గొంతుకి అడ్డం పడతాయి, చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ముద్దపప్పు నయం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి వంచమని చెప్పి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. దగ్గొస్తే ఆపెయ్యండి, తింటున్నప్పుడు గొంతు తడి తడిగా గురగురమన్నా ఆపెయ్యండి.

ఇప్పుడు నన్ను బాగా ఏడిపించిన విషయం ఒకటి చెప్తా. నాన్న తినడం మొదలుపెట్టాక కంచంలో కుడి వైపున్న అన్నం పప్పు తినేసి "కూర వెయ్యలేదేం" అని అమ్మ మీద అరిచేవారు. కూర ఎడమ వైపు అలాగే ఉండేది. గడ్డం గీసుకుంటే కుడి బుగ్గ మాత్రమే నున్నగా. కళ్ళు బాగానే ఉన్నాయి, మతిమరుపు కాదు, మొండితనం అంతకన్నా కాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు కొంతమందికి ఎడమ వైపు ప్రపంచమే లేనట్టు అయిపోతుంది, ఆ మొదటి రోజు చెప్పు ఊడిపోవడం తెలీకపోవడం కూడా అందుకేనేమో అని ఇప్పుడనిపిస్తుంది. మీకిలా కనపడితే మొదట్లో కడుపు నిండేదాకా కంచం తిప్పి పెట్టండి, కానీ అలవాటుగా తిప్పేస్తూ పోవద్దు. కొంచెం కోలుకున్నాక మీరు ఎడమ వైపే కూర్చోండి, ఎడమ వైపు నుంచే పిలవండి, కంచం ఎడమ అంచున ఏదైనా ఎర్రటిది పెట్టి "అది కనపడేదాకా తల తిప్పు" అని చెప్పండి. మేం ఆవకాయ పెట్టాం, ఉప్పు వద్దన్నారు కాబట్టి ఒక్క ముక్క. ఆ ముక్క కోసం తల తిప్పినంతగా ఏ ఎక్సర్‌సైజుకీ తిప్పలేదు మనిషి.

ఫిజియో

మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగానే, తర్వాత నెమ్మది, ఆగిపోదు. రోజుకి ఒక గంట ఫిజియో వచ్చి చేయించి వెళ్తే మిగతా గంటలు మంచంలో ఉంటే లాభం లేదు. ఒకటే కదలిక చాలాసార్లు చెయ్యాలి, అదీ పనికొచ్చే పనిలో. చిక్కుడుకాయలు తుంచడం, వేరుశనక్కాయలు ఒలవడం, బట్టల క్లిప్పులు తీగకి పెట్టి తియ్యడం, స్టీలు గ్లాసు ఈ పక్క నుంచి ఆ పక్కకి పెట్టడం. అందరూ మెత్తటి బంతి కొనిస్తారు పిసకమని, మా ఫిజియో అమ్మాయి అది పక్కన పెట్టేసి "వేళ్ళు ముడవడం కాదండీ తెరవడం కావాలి" అంది. మీ వాళ్ళకి ఏది కావాలో వాళ్ళనే అడగండి. బాగున్న చేత్తో అన్నీ చేసేసుకుంటుంటే మెదడు రెండో చేతిని మర్చిపోతుంది, కాబట్టి లేటైనా సరే కొన్ని పనులు ఆ చేత్తోనే చేయించండి.

బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ, వెస్ట్రన్ కమోడ్, జారని చాప. కొంతమంది రెండోసారి హాస్పిటల్‌కి వెళ్ళేది స్ట్రోక్‌తో కాదు, బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుని.

ఊరికే ఏడవడం, ఊరికే కోప్పడటం, టీవీ చూస్తూ సంబంధం లేకుండా నవ్వడం ఉంటాయి. స్ట్రోక్ వచ్చిన వాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, మందులున్నాయి, పనిచేస్తాయి, డాక్టర్‌కి చెప్పండి. మాట పోయిన వాళ్ళకి బుద్ధి పోలేదు, వాళ్ళ ఎదురుగానే "ఇంక ఈయన పనైపోయింది" అని మాట్లాడుకోకండి, చాలామందికి అర్థమవుతుంటుంది. అవును, కాదు అని తలూపితే సరిపోయే ప్రశ్నలు అడగండి, జవాబుకి టైము ఇవ్వండి.

ఏపీలో మంచానికో వీల్ చైర్‌కో పరిమితమైన పక్షవాతం వాళ్ళకి 2024 నుంచి నెలకి ₹15,000 పెన్షన్ ఉంది, సచివాలయంలో అడిగి సదరం (వైకల్యం ఎంతో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేది) స్లాట్ బుక్ చేసుకోండి. తెలంగాణలో కూడా వైకల్యం సర్టిఫికెట్‌తోనే దివ్యాంగుల పెన్షన్.

రెండోసారి రాకుండా

ఒకసారి వచ్చిన వాళ్ళకి మళ్ళీ రావడం మామూలే, దాన్ని ఆపేవి బోరు కొట్టే పనులు. అన్నిటికంటే ముందు బీపీ. మనోళ్ళ అలవాటు ఒకటుంది, బీపీ 120కి వచ్చింది కదా అని టాబ్లెట్ ఆపేస్తారు, అది టాబ్లెట్ వేసుకుంటేనే 120కి వచ్చింది నాయనా. మా నాన్న సరిగ్గా అదే చేశారు, పండక్కి రెండు నెలల ముందు, "ఎందుకు ఊరికే మందులు" అని.

ఇంట్లో మెషిన్ కొనండి, మణికట్టుది కాదు, భుజం కింద చుట్టేది. చూసే పద్ధతి: టీ కాఫీ సిగరెట్ ఏవైనా అయి అరగంట దాటాలి, ఉచ్చ పోసుకుని వచ్చి, వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పడిపోయిన చేతికి కాకుండా బాగున్న చేతికి చూడండి. చాలామందికి 130/80 లోపు ఉండాలంటారు, మీ వాళ్ళకి ఎంతో డాక్టర్‌ని అడిగి పుస్తకం అట్ట మీద రాసుకోండి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు బీపీ పెంచుతాయి, అదీ గుర్తుంచుకోండి.

ఉప్పు రోజుకి మొత్తం కలిపి ఒక టీ స్పూను, 5 గ్రాములు. కూరలో తగ్గించి పక్కన ఊరమిరపకాయలు, అప్పడం, వడియాలు, గోంగూర పచ్చడి పెడితే తగ్గించినట్టు కాదు.

గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే ఆస్పిరినో క్లోపిడోగ్రెలో, కొలెస్ట్రాల్ మాత్ర ఉంటాయి, ఇవి రోజూ, డాక్టర్ చెప్పేదాకా. పన్ను పీకించుకోవాలన్నా ఆయన్ని అడక్కుండా ఆపొద్దు. రక్తం కారి వచ్చిన స్ట్రోక్ అయితే ఈ పల్చబరిచే మందులు పక్కింటాయన వాడుతున్నాడని మీరు మొదలెట్టొద్దు. గుండె లయ తప్పడం వల్ల గడ్డ వచ్చిందంటే ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి ఇస్తారు, వాటికి ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చేయిస్తూ సాధారణంగా 2 నుంచి 3 మధ్యలో ఉంచుతారు. వీటితో ఆకుకూరలకి పేచీ ఉంది, తోటకూర పాలకూర లాంటి వాటిలో ఉండే విటమిన్ కె ఈ మందు పనిచెయ్యడాన్ని తగ్గించేస్తుంది. అసలు మానెయ్యమని కాదు, వారం అంతా ఏమీ తినకుండా ఆదివారం ఒక్కసారే గిన్నెడు తినొద్దు, రోజూ కొంచెం ఒకేలా తినండి, డాక్టర్ దాన్ని బట్టే డోసు సర్దుతారు. కొత్త రకం మందులకి ఈ పరీక్ష, ఈ పేచీ లేవు, ఖర్చు మాత్రం ఎక్కువ.

చుట్ట, బీడీ, సిగరెట్ పూర్తిగా బంద్, రోజుకొకటి అన్న బేరం లేదు. షుగర్ ఉంటే మూడు నెలల షుగర్ టెస్ట్ చేయించండి. బీపీ, షుగర్ మందులు పీహెచ్‌సీలో ఫ్రీగా ఇస్తారు, ఇంకేవైనా జన ఔషధిలో తక్కువకి దొరుకుతాయేమో అడగండి, డబ్బుల్లేక నెలలో పది రోజులు మానేసే కంటే అది మేలు.

మా ఇంట్లో క్యాలెండర్ మీద ఇప్పుడు మూడు హాస్పిటల్ నంబర్లున్నాయి. గుమ్మంలో నాన్న రెండు చెప్పులూ విప్పి లోపలికొచ్చారో లేదో అమ్మ రోజూ చూస్తుంది, ఆయనకి తెలీకుండా.